మామ్మ నవ్విన సోమవారం

పోయిన నెల మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో రవి ఒక వీడియో పెట్టాడు. రవి మా పెదనాన్నగారి మనవడు, నాకు మేనల్లుడి వరస. నిడదవోలులో మా పాత చింతపండు, బెల్లం కొట్టు ఇప్పుడు వాడే చూసుకుంటున్నాడు. కొట్టు పడగొట్టి కొత్తది కడుతుంటే అటక మీద ట్రంకుపెట్టెలో ఒక ఫొటో దొరికిందట. మా మామ్మది, అంటే మా నాన్నగారి తల్లిది. నలుపు తెలుపు ఫొటో, అంచులు చెదలు తినేశాయి. ఈ రోజుల్లో ఫోన్లలో ఏవో వచ్చాయి కదా, పోయినవాళ్ళ ఫొటో ఇస్తే రంగులేసి, కళ్ళార్పించి, తల తిప్పించే మాయలు, అలాంటిదానికి దాన్ని ఇచ్చాడు. మామ్మ తల కొంచెం పక్కకి తిప్పింది. కళ్ళార్పింది. మొహం మీద అప్పటికే ఉన్న నవ్వు ఇంకా సాగి, పళ్ళన్నీ కనబడేలా నవ్వింది. కింద వాడి రాత: "మా తాతమ్మ నవ్వు చూడండి. కొత్త కొట్టులో గల్లాపెట్టె పైన ఇదే పెద్దది చేయించి పెడుతున్నాం." గ్రూపు నిండా ఎర్రటి హృదయాలు, నవ్వీ నవ్వీ కళ్ళనీళ్ళు పెట్టుకునే పసుపుపచ్చ మొహాలు. నేను ఫోను బోర్లా పెట్టేశాను. రాజమండ్రిలో మా వంటింట్లో పాలు పొంగిపోతున్నాయి, వాసన వస్తోంది, అయినా కాసేపు కుర్చీలోంచి లేవలేకపోయాను.

సాయంత్రానికి కాస్త కుదుటపడి వాడికి ఫోను చేశాను. "ఆ ఫొటో కొట్టులో పెట్టకురా" అన్నాను. "ఏం అత్తా, బావులేదా? అందరూ ఎంత బావుందంటున్నారో" అన్నాడు. "అది నవ్వు కాదురా" అన్నాను. "నవ్వు కాకపోతే మరేంటి అత్తా?" అన్నాడు వాడు, నా వయసుకి తగిన చాదస్తం నాకు వచ్చేసిందన్న జాలితో. ఏం చెప్పను? ఫోనులో రెండు ముక్కల్లో చెప్పే సంగతి కాదది. తెలిసినవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. మా నాన్న, అమ్మ, పెదనాన్న, పెద్దమ్మ, ఆ ఫొటో తీసిన బాబాయి, ఎవరూ లేరు. మిగిలింది నేనొక్కదాన్నే. నేనూ వెళ్ళిపోతే ఆ మొహం గల్లాపెట్టె పైన నవ్వుతూనే ఉండిపోతుంది. వచ్చేపోయేవాళ్ళు దానికి దణ్ణం పెట్టుకుంటారు. అందుకని రాస్తున్నాను.

నేను పదవీ విరమణ దాకా ఇంగ్లీషు పాఠాలు చెప్పి బతికినదాన్ని. పిల్లలకి ఏ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పడం నాకు సరదా, అది చెప్పకపోతే పాఠం చెప్పినట్టే ఉండదు నాకు. కాని ఒక్క మాట దగ్గర మాత్రం తప్పించుకునేదాన్ని. పాఠంలో సార్డోనిక్ అని వస్తే, "వెటకారపు నవ్వు, చేదు నవ్వు, రాసుకోండి" అనేసి పేజీ తిప్పేసేదాన్ని. ఆ మాట కథ నాకు తెలియక కాదు. తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదేమో.

నాకు పదేళ్ళప్పటి సంగతి. మా ఇల్లూ కొట్టూ ఒకటే కట్టడం. వీధి వైపు కొట్టు, మధ్యలో గోడౌను, వెనక ఇల్లు. చింతపండు పులుపూ, బెల్లం తీపీ, గోనెసంచుల మట్టివాసనా కలిసిపోయి గోడల్లోకి ఇంకిపోయాయి. తలంటుకున్నా ఆ వాసన మా జడల్ని వదిలేది కాదు. తెల్లవారకుండానే మామ్మ లేచేది, ఆవిడ లేచిందంటే ఇల్లు లేవాల్సిందే. అమ్మ, పెద్దమ్మ కాఫీలు పెట్టి మగవాళ్ళని కొట్టుకి పంపి, వంట కానిచ్చి, మధ్యాహ్నం చింతపండులో గింజలు తీయడానికి కూర్చునేవారు. తాతగారు పోయాక కొట్టు పెత్తనం కొడుకులదే అని పేరు గాని, బస్తా విప్పాలన్నా మూతి కట్టాలన్నా మామ్మ మాట పడాలి. మనిషి చిన్నదే, మాట మెత్తనే, అయినా ఆవిడ అడుగుల చప్పుడు వింటే గుమాస్తాలు బీడీ ఆర్పేసేవారు.

నవ్వు నాలుగు విధాల చేటు అంటారు గాని, మా మామ్మ లెక్కలో అది నలభై విధాల చేటు. ఆవిడ నవ్వగా చూసినవాళ్ళు లేరు. ఏదో దుఃఖం వల్ల అనుకునేరు, అదేం కాదు. అది వ్యాపార సూత్రం. "కొనేవాడి ఎదర నవ్వకూడదే. తూకంలో ఏదో చేసేం, అందుకే నవ్వుకుంటున్నాం అనుకుంటాడు" అనేది. కొట్టులో పుట్టిన ఆ సూత్రం గోడౌను దాటి ఇంట్లోకి వచ్చేసింది. వంటింట్లో అమ్మా పెద్దమ్మా ఏదో గుసగుసలాడి కిసుక్కుమంటే, నడవలోంచి ఒక దగ్గు వినిపించేది. అంతే, ఇద్దరూ చీరచెంగులు నోట్లో కుక్కుకునేవారు. పిల్లలం నవ్వాలంటే వీధిలోకి పరిగెత్తేవాళ్ళం. నాకు మామ్మంటే భయం, ఇష్టం కూడా. సాయంత్రంపూట గోడౌనులో బస్తాలు చూసుకోవడానికి వెళ్తూ టార్చిలైటు పట్టుకోవడానికి నన్నే పిలిచేది. నేను ఎక్కువ మాట్లాడనని నన్ను ఎంచుకుంది. చెప్పులు వేసుకునేది కాదు, లక్ష్మి ఉన్నచోట చెప్పులేంటి అని. ఒక్కో బస్తా మీద అరచెయ్యి ఆనించి, ఒత్తి చూసి, తడి తగిలిందో లేదో చెప్పేసేది.

కార్తీకమాసం మొదట్లో అలా నడుస్తుండగానే మామ్మ మడమలో దబ్బనం దిగబడింది. దబ్బనమంటే గోనెసంచులు కుట్టే పెద్ద సూది. హమాలీలు ఎప్పుడో పారేసుకున్నది, తుప్పు పట్టి మట్టినేలలో పడి ఉంది. సరుకు తెచ్చే బళ్ళ ఎద్దుల్ని వానొస్తే ఆ నేల మీదే కట్టేసేవారు. మామ్మ కిక్కురుమనలేదు. బస్తా పట్టుకుని నిలబడి, దబ్బనం లాగి, చీరచెంగుతో తుడిచి, పనికొచ్చే వస్తువు కదా అని బస్తాకి గుచ్చి పెట్టింది. తర్వాత దేవుడి దీపంలో నూనె వేడిచేసి, పసుపు కలిపి, చురుక్కుమనేలా మడమకి అద్దుకుంది. "డాక్టరు దగ్గరికి వెళ్దాం మామ్మా" అన్నాను. "ఈమాత్రందానికి డాక్టరేంటే. ఎవరితోటీ అనకు, మీ నాన్న గోల చేస్తాడు" అంది. ఆవిడ అనొద్దన్నది అనే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ లేదు. పైకి గాయం మానిపోయింది కూడా.

మా ఎదురింట్లో కరుణమ్మ టీచరుగారు ఉండేవారు. ఆడపిల్లల హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పేవారు, ఒంటరి మనిషి. ఆదివారాలు తెల్లచీర కట్టుకుని లూథరన్ చర్చికి వెళ్ళేవారు. వాళ్ళ నాన్నగారు మిషనాసుపత్రిలో కాంపౌండరుగా చేసి పోయారు. నేను రోజూ సాయంత్రం ఆవిడ దగ్గరికి ట్యూషనుకి వెళ్ళేదాన్ని. ఆవిడ మాత్రం మా వసారా దాటి లోపలికి వచ్చేవారు కాదు. రమ్మని మా మామ్మ అనలేదు, వస్తానని ఆవిడ అనలేదు. ఆ రోజుల్లో అలా జరిగిపోయేది, ఎవరూ దాని గురించి మాట్లాడుకునేవారు కాదు. ఆవిడకి మాటల పిచ్చి. ఆడపిల్లకే కాదు, మాటకి కూడా పుట్టిల్లుంటుంది అనేవారు. పెద్ద తరగతి పిల్లల పుస్తకాలు దిద్దుతూ, ఒక మాట దగ్గర ఆగి, నన్ను పిలిచి దాని పుట్టిల్లు చెప్పేవారు. నాకు ఆ వయసుకి అందులో సగం అర్థమయ్యేది కాదు గాని, కథలాగ వినేదాన్ని.

ఆ ఆదివారం సాయంత్రం చెప్పిన మాటే సార్డోనిక్. "రాజ్యం, నడిసముద్రంలో సార్డీనియా అని ఒక దీవి ఉందే" అని నన్ను పేరు పెట్టి పిలిచి మొదలుపెట్టారు. "అక్కడ నీళ్ళ పక్కన ఒక ఆకు మొలిచేదట. చూడ్డానికి కొత్తిమీరలాగే ఉండేదట. అది తిన్నవాళ్ళకి మొహం బిగుసుకుపోయి, పెదాలు చెవులదాకా లాక్కుపోయేవట. చూసేవాళ్ళకి నవ్వుతున్నట్టే ఉండేది. ఆ నవ్వుతోటే ప్రాణం పోయేది. అందుకని గ్రీకులు అలాంటి నవ్వుకి ఆ దీవి పేరు పెట్టేరంటారు. గ్రీకుల దగ్గర్నుంచి లాటిన్లోకి, ఫ్రెంచిలోకి, అక్కణ్ణుంచి ఇంగ్లీషులోకి వచ్చిందీ మాట. దార్లో విషం తగ్గిపోయింది. ఇప్పుడు ఎవరైనా వెటకారంగా మూతి వంకర తిప్పితే చాలు, సార్డోనిక్ అనేస్తున్నాం."

"ఎవరు తినేవారండీ, తెలిసి తెలిసి?" అని అడిగాను. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "ఆ దీవిలో ముసలైపోయినవాళ్ళకి కన్నకొడుకులే పెట్టి పంపించేసేవారని కథలున్నాయి. నిజమో కాదో, పూర్వులు చెప్పుకున్న మాట" అన్నారు. "ఆ ఆకు మన కాలవ గట్టున మొలుస్తుందాండీ?" అన్నాను. "ఏమోనమ్మా. గోదావరి ఒండ్రులో ఏం పడేసినా మొలుస్తుంది" అని నవ్వేశారు. ఇంటికి వచ్చేసరికి మామ్మ అన్నం ముందు కూర్చుని, రెండు ముద్దలు తిని చెయ్యి కడిగేసుకుంటోంది. దవడ పట్టేసిందట. చలిగాలికి అయి ఉంటుందని పెద్దమ్మ ఉప్పు వేయించి మూటకట్టి కాపడం పెట్టింది.

మర్నాడు కార్తీక సోమవారం. ఆ నెలలో సోమవారాలు మామ్మకి ఉపవాసం, మౌనం. తెల్లవారుజామున కాలవలో స్నానం చేసిన దగ్గర్నుంచి సాయంత్రం నక్షత్రం కనబడేదాకా పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టదు, పెదవి కదపదు. ఏదైనా కావాలంటే చేత్తో చూపిస్తుంది. ఇంట్లో అందరికీ అది అలవాటే. మామ్మ మాట్లాడటం లేదని గాని, తినడం లేదని గాని ఆ రోజు ఎవరూ కంగారుపడే ప్రసక్తే లేదు. ఆవిడకి రావలసిన కష్టం ఆ రోజును ఏరి కోరి వచ్చిందా అని ఇప్పటికీ అనుకుంటాను.

ముందు చూసింది మా అమ్మ. కాలవ నుంచి వచ్చి మామ్మ దేవుడి గదిలో కూర్చుంది, అమ్మ దీపం వెలిగించి తలెత్తి చూసింది. వంటింట్లోకి దాదాపు పరిగెత్తుకొచ్చింది. "అక్కా, అత్తయ్యగారు నవ్వుతున్నారు." పెద్దమ్మ చేతిలో గరిటె అలాగే పట్టుకుని వెళ్ళి తొంగి చూసి వచ్చింది. "నిజవేనే. నేనీ ఇంటికొచ్చేక ఇదే చూడ్డం" అంది. వెనకాలే నేనూ వెళ్ళి చూశాను. మామ్మ కనుబొమలు రెండూ పైకి లేచి ఉన్నాయి. పెదాలు రెండు పక్కలకీ సాగి, కింది పళ్ళు పైపళ్ళు కలుసుకుని కనబడుతున్నాయి. బుగ్గలు గట్టిగా, నున్నగా ఉన్నాయి. దీపం వెలుగులో ఆ మొహం దేనికో మురిసిపోతున్నట్టుగానే ఉంది. సంగతి కొట్టుకి పాకింది. నాన్న వచ్చి చూసి, గుమ్మంలోనే చెంపలు వేసుకున్నాడు. "అమ్మకి శివుడు కనిపించి ఉంటాడు" అన్నాడు. నాన్న ఆ మాట అన్నాక ఇంక దానికి తిరుగులేదు.

ఆ పూట మా ఇల్లు మా ఇల్లులా లేదు. ఇన్నేళ్ళు మూతలు బిగించిన డబ్బాలన్నీ ఒక్కసారి తెరిచినట్టు అందరూ మాట్లాడేసుకుంటున్నారు. అమ్మ వంటింట్లో పైకే నవ్వింది, దగ్గు వినబడలేదు. "ఇన్నాళ్ళకి ఈ ఇంట్లో గాలాడింది అక్కా" అంది. పెద్దమ్మ అసలే గడుసుది. "మౌనం అర్ధాంగీకారం అంటారు కదే, నవ్వు మిగతా సగం. ఇవాళ ఏం అడిగినా ఒప్పుకున్నట్టే" అని, తడి చేతులు తుడుచుకుని మామ్మ ముందుకు వెళ్ళి నిలబడింది. "అత్తయ్యగారూ, మా అమ్మకి బావుండట్లేదండి. తుని వెళ్ళి నాలుగు రోజులుండి వస్తానండి" అంది. రెండేళ్ళుగా అడగడానికి భయపడి చస్తున్న మాట అది. మామ్మ ఆవిడకేసి చూసింది. కనుబొమలు ఇంకాస్త లేచాయి, నవ్వు ఇంకాస్త బిగిసింది. పెద్దమ్మ కాళ్ళకి దణ్ణం పెట్టి వచ్చేసింది. తర్వాత అమ్మ రేడియో కొనుక్కుంటామని అడిగింది. ఒకరి తర్వాత ఒకరు వెళ్ళి అడగడం, ఆ నవ్వు చూసి ఒప్పుకుందనుకుని పొంగిపోవడం.

బాబాయికి అప్పుడే కొత్తగా కెమెరా వచ్చింది. వాళ్ళమ్మ నవ్వు మళ్ళీ జన్మలో దొరకదని, మామ్మని పట్టుకుని నడిపించి పెరట్లో ఎండలో కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. ఆవిడ కాళ్ళు కర్రల్లా పడుతున్నాయి. ఉపవాసం నీరసమనుకున్నారు. బాబాయి కెమెరా కన్నుకి ఆనించుకునేసరికి మామ్మ చెయ్యి మెల్లిగా పైకెత్తి దవడ మీద పెట్టుకుంది. "చెయ్యి దించమ్మా, మొహానికి అడ్డొస్తోంది" అన్నాడు బాబాయి. మామ్మ దించలేదు. మా అమ్మే వెళ్ళి, ముద్దుగా, ఆ చెయ్యి తీసి ఒళ్ళో పెట్టింది. ఫొటో తీశారు. రవికి దొరికింది అదే.

నేను కుర్చీ పక్కనే ఉన్నాను, మామ్మ కళ్ళు నాకు దగ్గర. కళ్ళు నవ్వడం లేదు. మెడ తిప్పలేక కళ్ళు మాత్రం తిప్పి ఒక్కొక్కరినీ చూస్తోంది, మళ్ళీ మళ్ళీ చూస్తోంది. ఎండలో కూర్చున్నా చలిగానే ఉంది, అయినా నుదుటి మీంచి చెమట కారుతోంది. ఎవరితోనైనా చెబుదామని వంటింట్లోకి వెళ్ళాను. పెద్దమ్మ కత్తిపీట ముందు కూర్చుని కూనిరాగం తీస్తూ కొత్తిమీర తరుగుతోంది. నేను గుమ్మం దగ్గరే వెనక్కి తిరిగేశాను. మడమలో దిగిన దబ్బనం నాకు గుర్తే రాలేదు. ఆ దీవీ, ఆ ఆకూ, ముసలివాళ్ళని పంపించేసే కొడుకులూ గుర్తొచ్చారు. మామ్మ రాత్రి తిన్న రెండు ముద్దల్లో ఏం కలిసింది? కాపడం పెట్టింది పెద్దమ్మే కదా. అమ్మ ఇంతలా ఎందుకు నవ్వుతోంది? అమ్మకి కూడా తెలుసా? బళ్ళోకి వెళ్ళాను గాని పాఠం వినలేదు. మధ్యాహ్నం ఇంటికొచ్చి అన్నం తిననన్నాను, కార్తీక సోమవారం ఉపవాసం అని మురిసిపోయారు. మా వాళ్ళు చేసిన తప్పు నాకు ఇప్పుడు అర్థమవుతుంది. నవ్వు కోసం మొహం వాచిపోయిన ఇల్లది, కనబడగానే పట్టేసుకున్నారు. కాని ఆ రోజు నాకు మా అమ్మని చూస్తేనే భయం వేసింది. సొంత ఇంట్లో ప్రతి మనిషినీ అనుమానంగా చూడటం ఎలా ఉంటుందో నాకు ఆ వయసులోనే తెలిసింది.

చీకటి పడుతుండగా ట్యూషనుకి వెళ్ళి, పుస్తకం తెరవకుండా, "మా మామ్మకి ఎవరో ఆ ఆకు పెట్టేరండీ" అన్నాను టీచరుగారితో. ఆవిడకి ముందు అర్థం కాలేదు, తర్వాత నవ్వొచ్చింది. "ఏమైందే?" అన్నారు. "నవ్వుతోందండీ. పొద్దుట్నుంచి నవ్వుతూనే ఉందండీ. కళ్ళు మాత్రం ఏడుస్తున్నట్టున్నాయండీ." ఆవిడ మొహంలో నవ్వు పోయింది. "ఏమైనా తిన్నారా?" అన్నారు. "ఉపవాసమండీ." "మాట్లాడేరా?" "మౌనమండీ." "నిన్న?" "దవడ పట్టేసిందని అన్నం వదిలేసిందండీ." ఆవిడ నా భుజాలు పట్టుకున్నారు. "ఈ మధ్య కాలికి గాని చేతికి గాని దెబ్బ తగిలిందా రాజ్యం? మేకు, ముల్లు, ఏదైనా?" మామ్మ ఎవరితోటీ అనొద్దంది. అయినా చెప్పేశాను. దబ్బనం అనే మాట నా నోట్లోంచి పూర్తిగా రాకముందే ఆవిడ వీధి దాటుతున్నారు.

మా ఇంట్లో అప్పుడు అందరూ దేవుడి గది ముందు చేరి ఉన్నారు. పగలల్లా అలా నవ్విన మనిషి మౌనం విడిచి మొదట ఏం మాట్లాడుతుందో వినాలని కాచుకుని కూర్చున్నారు. బాబాయి డాబా మీంచి నక్షత్రం కనబడిందని కేకేశాడు. అమ్మ పాలగ్లాసు మామ్మ పెదాలకి ఆనించింది. పాలు లోపలికి వెళ్ళలేదు, గడ్డం మీంచి కారి చీర మీద పడ్డాయి. నాన్న హారతి ఇస్తూ గంట కొట్టాడు. ఆ గంట మోతకి మామ్మ వెన్ను విల్లులా వెనక్కి వంగింది. తల వెళ్ళి గోడకి కొట్టుకుంది. పళ్ళు కరకరమన్నాయి. ఆ నవ్వు మాత్రం అలాగే ఉంది.

కరుణమ్మగారు మా వసారా దాటి, నడవ దాటి, చెప్పులతో సహా దేవుడి గది గుమ్మంలోకి వచ్చేశారు. నాన్న చేతిలోంచి గంట తీసుకుని, మోగకుండా దాని నాలిక పట్టుకుని కింద పెట్టారు. "ఆవిడ నవ్వడం లేదండీ. ధనుర్వాతం. కారు పిలిపించండి, రాజమండ్రి తీసుకెళ్ళిపోదాం" అన్నారు మెల్లిగా. "దీపం తగ్గించండి. గట్టిగా ఎవ్వరూ మాట్లాడకండి, చప్పుడైతే మళ్ళీ వస్తుంది. ఇంకోటండీ, ఆవిడకి స్పృహ పోలేదు. పొద్దుట్నుంచీ అన్నీ తెలుస్తూనే ఉన్నాయి, అన్నీ వినబడుతూనే ఉన్నాయి." ఆ చివరి మాటకి మా పెద్దమ్మ కూర్చున్నచోటే కూలబడిపోయింది.

మామ్మ కళ్ళకి తడిగుడ్డ కప్పి, చెవుల్లో దూది పెట్టి, అద్దె కారులో పడుకోబెట్టి కొవ్వూరు వంతెన మీదుగా తీసుకెళ్ళారు. దారిలో గుంట తగిలినప్పుడల్లా మామ్మ బిగుసుకుపోయేదని, అలాంటప్పుడు ఆవిడ తల కరుణమ్మగారే ఒళ్ళో పట్టుకున్నారని అమ్మ తర్వాత చెప్పింది. ఆసుపత్రిలో డాక్టరు అడిగాడట, "పొద్దుట్నుంచి ఇలా ఉంటే ఇంట్లో ఎవరూ చూళ్ళేదా?" అని. మా నాన్న తల దించుకుని, "చూసేమండి. అందరం చూసేం" అన్నాడట. మా నాన్న ఆ తర్వాత ఎన్నాళ్ళు బతికినా అంత చిన్నబోయిన మాట ఇంకోటి అని ఉండడు.

నన్ను ఒక్కసారే తీసుకెళ్ళారు. చీకటి గది, కిటికీకి నల్లగుడ్డ. నర్సులు వట్టికాళ్ళతో నడుస్తున్నారు. బతుకుతుందో లేదో ఎవరూ చెప్పలేమన్నారు. గుమ్మం సందులోంచి చూస్తే తెల్లటి పక్క మీద ఆ పళ్ళు మాత్రం కనిపించాయి. బయట వరండాలో కరుణమ్మగారు నా తల నిమిరి, "నీకు సగమే చెప్పేను రాజ్యం. చెబితే భయపడతావని మానేసేను. డాక్టర్లు ఈ నవ్వుని కూడా ఆ దీవి పేరుతోటే పిలుస్తారు. మా నాన్నగారు చూసేరు, నాకు చెప్పేరు. ఆ మాటలో విషం ఎక్కడికీ పోలేదు" అన్నారు. ఎవరూ ఏ ఆకూ పెట్టలేదని కూడా ఆవిడే చెప్పారు. అది విని నేను వరండా స్తంభం పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాను. మా అమ్మ, పెద్దమ్మ నాకు మళ్ళీ దక్కారు.

ఆ రోజులే బాగుండేవి అనేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మొన్న గేటు రేకు గీసుకుంటే, వీధి చివర క్లినిక్కులో నర్సు అమ్మాయి ధనుర్వాతం రాకుండా ఒక సూది పొడిచి పంపించేసింది. ఈ జబ్బు ఎప్పుడైనా చూశావా అమ్మా అంటే, "బుక్కులో చదివామండీ" అంది. ఆ అమ్మాయి దాన్ని ఎప్పటికీ చూడకూడదనే కోరుకుంటాను. కాని అప్పుడు మా ఇంటిల్లిపాదీ నవ్వనుకుని మోసపోయిన మొహానికి ఇప్పుడు ఫోను ఇంకో నాలుగు పళ్ళు తగిలించి ఊరంతా పంచింది. అప్పుడు చూసినవాళ్ళకి కనీసం సాయంత్రానికి తెలిసింది.

మామ్మ బతికింది. చాలా వారాలు ఆ చీకటి గదిలో ఉండి, సగమైపోయి, కర్ర పట్టుకుని ఇంటికొచ్చింది. మొహం మామూలుగా అయింది, మాట మాత్రం ముద్దగా, నెమ్మదిగా వచ్చేది. ఆసుపత్రిలో గాని, ఇంటికొచ్చాక గాని ఆ సోమవారం ఊసు ఎత్తలేదు. బాబాయి ఫొటో కడిగించాడు గాని ఎవరికీ చూపించలేదు, పారేయడానికీ చేతులు రాక ట్రంకులో పడేశాడు. మామ్మకి జ్ఞాపకం లేదేమో, జబ్బులో మరిచిపోయిందేమో అని అమ్మా పెద్దమ్మా ఒకరికొకరు చెప్పుకుని ధైర్యం తెచ్చుకున్నారు. రేడియో మాట ఎత్తలేదు. పెద్దమ్మ తుని వెళ్ళలేదు.

మాఘమాసంలో కొత్త చింతపండు రావడం మొదలైంది. ఒక మధ్యాహ్నం వాళ్ళిద్దరూ పెరట్లో గింజలు తీస్తున్నారు, నేను పీచు ఏరుతున్నాను. మామ్మ గోడకి చేరగిలబడి కూర్చుంది. చాలాసేపటికి, "తుని వెళ్ళొస్తానన్నావు కదే, వెళ్ళలేదేం?" అంది.

పెద్దమ్మ చెయ్యి చింతపండులోనే ఆగిపోయింది. "మీ అమ్మకి బావుండట్లేదన్నావు. వెళ్ళి చూసిరా. నాలుగు రోజులు చాలవు, పది రోజులుండు" అంది మామ్మ. పెద్దమ్మ ఏడుస్తూ, "తప్పైపోయిందండి అత్తయ్యగారూ, మాకు తెలీలేదండి" అంది. అమ్మ తలెత్తలేదు.

"తప్పేముందే. పొద్దున్నే తెలిసిపోయింది నాకు, ఇంక ఐపోయిందని. చెబుదామంటే నోరు రాదు. మీరేమో ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు వచ్చి అడుగుతున్నారు." మామ్మ ఆగి, ఊపిరి తీసుకుంది. "కోపవే వచ్చింది ముందు. తర్వాత వంటింట్లో మీరిద్దరూ నవ్వుతుంటే విన్నాను. ఇరవయ్యేళ్ళ బట్టీ ఒక్క ఇంట్లో ఉంటున్నాం, మీ నవ్వెలా ఉంటుందో నాకప్పుడే తెలిసింది. చచ్చిపోతూ కూడా బావుందనిపించిందే."

"ఇంక నేను దగ్గను. నవ్వుకోండి, నాకు వినాలనుంది" అంది మామ్మ.

అమ్మ పెదాలు కదిపి చూసింది. సగంలోనే ఆగిపోయి చేత్తో నోరు మూసుకుంది. పెద్దమ్మ చింతపండు చేటలోకి తల వంచేసుకుంది. మామ్మ ఇద్దరికేసీ చూస్తూ కాసేపు ఎదురుచూసింది. తర్వాత కర్ర అందుకుని, గోడ పట్టుకుని లేచి, లోపలికి వెళ్ళిపోయింది.